పాలవాడు మంత్రగాడైన ఆదివారాలు

వారం వారం టీవీ ముందు కూర్చుని ఆ పరదేశపు కుస్తీలు చూస్తున్నారు కదా, ఒక్క మాటకు జవాబు చెప్పండి: పోయిన వారం ఇనుప కుర్చీతో నెత్తిన కొట్టించుకుని స్ట్రెచర్ మీద పోయినవాడు, ఈ వారం మీసం దువ్వుకుంటూ ఎట్లా వచ్చాడు?

"అది ఉత్తుత్తిదే తాతా, అందరికీ తెలుసు" అంటాడు మా మనవడు. తెలిస్తే మరి నీవాడు ఓడిపోయిన రాత్రి అన్నం ఎందుకు తినలేదురా అని అడిగితే ఛానెల్ మారుస్తాడు.

అబద్ధమని తెలియడం వేరు, దాన్ని నమ్మకపోవడం వేరు. ఈ రెంటి మధ్య ఒక సందు ఉంది. లోకంలోని స్వాములూ, సోదిగాళ్ళూ, తాయెత్తుల వ్యాపారులూ ఆ సందులోనే ఇళ్ళు కట్టుకుని హాయిగా కాపురాలు చేస్తున్నారు. ఆ సందులో నేనూ కొంతకాలం ఉద్యోగం చేశాను. మైకు పట్టుకుని, జీతం తీసుకుని.

యాభైల నాటి సంగతి. మన కచేరీలు ఉర్దూలో ఫైళ్ళు రాస్తూ, తెలుగులో తిట్టుకుంటూ, ఇంగ్లీషు నేర్చుకుంటున్న రోజులు. పాతబస్తీలో మాది తరాలుగా గుడి సేవ చేసుకునే కుటుంబం. నేను మాత్రం పఠనాలయం చర్చల్లో దేవుడి మీద నోరు పారేసుకుని గొంతు పెంచుకున్నవాణ్ణి. మా నాన్న లోపల గంట కొడుతుంటే నేను బయట అరుగు మీద నిలబడి ఆ గంటను ఖండించేవాణ్ణి. ఎవరి చప్పుడు ఎక్కువ దూరం పోతుందో చూద్దామని వాడకట్టు పోరగాళ్ళు వీధి చివర నిలబడేవాళ్ళు.

ఒకసారి కర్మ సిద్ధాంతం మీద చర్చ జరుగుతుండగా మైకు చెడిపోయింది. నేను ఆపలేదు. వెనక వరుసలో నిద్రపోతున్న ఒక మనిషి ఉలిక్కిపడి లేచి, సభ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు చెప్పింది ఒక్క ముక్క సమజ్ కాలేదు పంతులూ. గాని నిద్రల కూడ వినొచ్చింది. ఐతవారం ఖాళీగుంటవా?"

"నేను పంతుల్ని కాదు. హేతువాదిని."

"సరే పంతులూ. ఐతవారం రా."

అలా నాకు ఉద్యోగం దొరికింది. ఆ మనిషి అంతకుముందు ఊరూరా తిరిగే నాటకాల కంపెనీ నడిపి నష్టపోయి, మొఘల్‌పురాలో ఒక కూలిన నవాబుల దేవిడీ వెనక ఖాళీ జాగాలో చుట్టూ గుడ్డ కట్టి, ప్రతి ఆదివారం సాయంత్రం కుస్తీలు ఆడించేవాడు. అందరూ అతన్ని మాలిక్ అనేవారు. మట్టిలో పట్టే మన అఖాడా కుస్తీ కాదు. చెక్కల మీద రంపపు పొట్టు పోసి, పైన జంపకానా పరిచి, చుట్టూ తాళ్ళు కట్టి ఆడే ఫ్రీ స్టైల్. అఖాడా ఉస్తాదులు ఆ గేటు ముందు నుంచి పోతూ ఉమ్మేసేవాళ్ళు. "నూరా కుస్తీ" అనేవాళ్ళు. అంటే ఇద్దరూ ముందే మాట్లాడుకుని పట్టే కుస్తీ.

వాళ్ళన్నది నిజమే. మా కుస్తీలన్నీ శుక్రవారం మధ్యాహ్నమే ఇరానీ హోటల్లో అయిపోయేవి. మాలిక్, నేను, ఇద్దరు పహిల్వాన్లు ఒక బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఉప్పు డబ్బీ మంచివాడు, బిస్కట్టు చెడ్డవాడు. మాలిక్ ఆ రెంటినీ సాసరులో అటూ ఇటూ తిప్పి, ఎవరు ఎప్పుడు ఎక్కడ పడాలో చూపించేవాడు. బిస్కట్టే ఎప్పుడూ ఓడిపోయేది, చివరికి దాన్ని మాలిక్ చాయ్‌లో ముంచుకుని తినేవాడు కాబట్టి. నా పని అసలు కుస్తీ కంటే కష్టం. ఈ వారం కథ తెగకుండా వచ్చే వారానికి ముడి వెయ్యాలి. "ఈ అవమానానికి బదులు దొరుకుతుందా? వచ్చే ఐతవారం చూడండి!" అని ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరవాలి. దేవుణ్ణి ఖండించడం కంటే సులువు, జనం మాత్రం నూరింతలు.

మంచి పహిల్వాన్ ఒక కట్టెల అడితిలో పనిచేసే ముసల్మాను యువకుడు. అఖాడాలో నిజమైన కుస్తీ నేర్చినవాడు. అందగాడు. అతను తొడ చరిస్తే గోడ మీది పావురాలు లేచేవి. చెడ్డ పహిల్వాన్ మా వాడకట్టుకు పాలు పోసే మనిషి. దేహం చూస్తే దున్నపోతు, గుండె చూస్తే దూడ. కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకుని పక్కసందులోంచి పోయే రకం. అతను బర్రెల్ని సాకి, పొద్దున ఇంటింటికీ పాలు పోసి, ఆదివారం సాయంత్రం మారువేషంలో వచ్చి తన్నులు తిని పోయేవాడు. తన్నులు కూడా అచ్చం మనస్ఫూర్తిగా తినేవాడు.

ఒక ఎండాకాలం జనం తగ్గారు. మాలిక్ బిస్కట్టు తినడం మానేసి ఆలోచనలో పడ్డాడు.

"పబ్లిక్‌కు తాకత్ చూసి చూసి మొఖం మొత్తింది. ఇప్పుడు జాదూ కావాలె. వీనికి గడ్డం పెడ్దాం, బూడిద పూద్దాం, నల్ల జుబ్బా తొడుగుదాం. జాదూ పహిల్వాన్! నిమ్మకాయ కోస్తె నెత్తురు రావాలె."

నేను బల్ల గుద్దాను. చాయ్ ఒలికింది. మంత్రాలు లేవని ఊరంతా చెప్పుకు తిరిగే నోటితో మంత్రగాణ్ణి పిలవమంటారా అని అరిచాను. పక్క బల్లవాళ్ళు కూడా విని తలలూపారు. చివరికి రాజీ కుదిరింది. నేను "మంత్రగాడు వస్తున్నాడు" అని చెప్పను. "మంత్రగాడినని చెప్పుకునే పహిల్వాన్ వస్తున్నాడు" అని చెప్తాను. సత్యానికి ఆ ఒక్క మాట కాపలా ఉంటుందని నా ధైర్యం. మైకులో ఆ మాట నేను ఎంత ఒత్తి పలికినా, జనం వేసే ఈలల్లో "మంత్రగాడు" అన్నది మాత్రమే అటుపక్కకు చేరేదని తర్వాత గాని తెలియలేదు.

పాలవాడి ఫికర్ వేరు. "అన్నా, నాకు మంత్రాలు రావు గద. ఏం సదవాలె?"

"నోట్ల నోట్ల ఏదన్న గొణుగు" అన్నాడు మాలిక్. "నడుమ నడుమ కండ్లు ఉరిమి చూడు."

అతను కళ్ళు ఉరమడం అద్దం ముందు నేర్చుకున్నాడు. గొణగడానికి మాత్రం అతనికి కంఠతా వచ్చింది ఒకటే. రోజూ పొద్దున ఎవరింట్లో ఎన్ని పాలు పొయ్యాలో మరిచిపోకుండా దారిపొడుగునా చదువుకునే పాఠం. "పేష్కార్ సాబుకు సేరు, మేడ మీది అమ్మకు అర్ధసేరు, గడియారం ఇంట్ల పావుసేరు..." బూడిద పూసుకుని, నిమ్మకాయ పైకెత్తి, కళ్ళు ఉరిమి, అతను ఆ పాల పాఠం గొణుగుతుంటే మైకు దగ్గర నిలబడ్డ నేను నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ణి. ఎదుట జనం వణికిపోయేవాళ్ళు. ఆదివారాలు మళ్ళీ నిండాయి.

పేష్కార్ సాబు సంగతి చెప్పాలి. కోర్టులో జడ్జి ముందు ఫైళ్ళు పెట్టే పేష్కారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మూడు భాషలు చదివినవాడు. ఎన్ని దొంగసాక్ష్యాలు తన కళ్ళముందు విన్నాడో లెక్కలేదు. ప్రతి ఆదివారం మొదటి వరుసలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక ఆదివారం ఎండ మరీ మండిపోయింది. జాదూ పహిల్వాన్ గడ్డం గుర్రపు వెంట్రుకలది, గోందుతో అంటించింది. మంచి పహిల్వాన్ మెడ పట్టి వంచబోతే, చెమటకు కరిగిన గోందు పట్టు వదిలి, గడ్డం మొత్తం అతని చేతిలోకి వచ్చేసింది. పాపం అతను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. జనం గప్‌చుప్. పేష్కార్ సాబు లేచి నిలబడ్డాడు.

"అరె! ఇతను మా పాలాయన గద!"

ఇక్కడ ఆగి ఆలోచించండి. తలకాయలో పిడికెడు బుద్ధి ఉన్నవాడు ఏమనుకోవాలి? ఓహో, మంత్రగాడు అనుకున్నవాడు మన పాలవాడేనా, అయితే ఇదంతా వేషమన్నమాట అనుకోవాలి. నేనూ అదే అనుకున్నాను. హమ్మయ్య, గుట్టు రట్టయింది, సత్యం దానంతటదే గెలిచింది అని మైకు పక్కన నిలబడి పొంగిపోయాను.

మా జనం అటు పోలేదు. మన పాలవాడు మంత్రగాడన్నమాట అనుకున్నారు.

పేష్కార్ సాబు ఇంకో అడుగు ముందుకేశాడు. ఇన్నాళ్ళూ ఆ గొణుగుడులో తన పేరు వినపడ్డట్టుండేదని, భ్రమ అనుకున్నానని, ఇప్పుడు అర్థమైందని వాడకట్టంతా చెప్పాడు. తన పేరు చదివి నిమ్మకాయ కోస్తే నెత్తురు వచ్చింది! అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? జీవితమంతా కోర్టులో గడిపిన మనిషి ఆ తీర్పు ఇచ్చాక అప్పీలుకు ఎవరు పోతారు?

మరునాటి నుంచి పాలవాడి బతుకు తలకిందులైంది. ఎండాకాలంలో పాలు విరగడం చరిత్రలో ఆ వారమే మొదలైనట్టు ఇల్లిల్లూ లెక్కలు తీసింది. ఎవరి పిల్లవాడికో జ్వరం వచ్చింది. ఎవరికో కాలు బెణికింది. అన్నీ పాలచెంబు దగ్గరికే వచ్చి ఆగాయి. శుక్రవారం అతను హోటలుకు వచ్చి చాయ్ ముట్టలేదు.

"అన్నా, పేష్కార్ సాబింటి ముంగట నిలబడ్డ. లోపలికెల్లి అమ్మ అన్నది, వద్దు నాయనా, మేం పాలు తాగుడు ఇడిసిపెట్టినం అని. ఇంట్లకెల్లి చాయ్ వాసన కమ్మగ వస్తున్నది."

"వేషం మానెయ్" అన్నాను.

"మానేస్తె పోతదా? కల్లు కంపౌండ్ కాడ పోరగాండ్లు అనుకుంటున్నరట. ముందటి పండ్లు రాలగొడితె మంత్రం పలుకదట. బండరాయి కూడ సూసి పెట్టుకున్నరట." అతను పెదవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాకు పండ్లు కావాలె అన్నా. పేలాలు తింట నేను."

మేమెవ్వరం నవ్వలేదు. మన పల్లెల్లో, బస్తీల్లో మంత్రగాళ్ళన్న పేరు పడ్డవాళ్ళ పళ్ళు నిజంగానే రాలగొట్టారు. పళ్ళతో ఆగని చోట్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మాలిక్ ఒక్కడికే ఆ వారం సంతోషం. "గోడల మీద కూసుంటున్నరు పబ్లిక్! ఇప్పుడు వేషం తీసేస్తనంటె ఎట్ల?"

"ఫికర్ చెయ్యకు" అన్నాను పాలవాడితో. "ఈ ఐతవారం మైకుల అసలు సంగతి నేను చెప్త. కుస్తీ కంటె ముందు. మాలిక్‌కు ఇష్టమున్నా లేకున్నా."

"నువ్వు చెప్తె వింటరా అన్నా?"

"ఎందుకు వినరు? రుజువు చూపిస్త."

రుజువు! నా యౌవనమంతా ఆ మాట మీద నిలబడింది. ఆ ఆదివారం మా నాన్న పూజకు తెచ్చుకున్న మందార పూలు తీసుకుపోయాను. కత్తికి మందార రేకులు రుద్ది ఆరబెడితే ఏమీ కనపడదు. ఆ కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. అంతే ఆ నెత్తురు.

జాగా కిక్కిరిసింది. కల్లు కంపౌండ్ పోరగాళ్ళు తాళ్ళ దగ్గరే నిలబడ్డారు. పాలవాడు వేషంలో, బూడిదతో, గుడ్డ చాటున కూర్చున్నాడు. వేషం లేకుండా ఈ జనంలోంచి నడిచి రావడానికి అతనికి భయం, వేషంతో ఇంకా భయం. నేను మైకు తీసుకుని చర్చల్లో ఆరితేరిన పద్ధతిలో మొదలుపెట్టాను. పూర్వపక్షం చెప్పాను. ఖండించాను. కుస్తీ నూరా కుస్తీ అని ఒప్పేసుకున్నాను. మాలిక్ నుదురు కొట్టుకుంటూ చెక్కల మీద కూలబడ్డాడు. కత్తి తీశాను, మందారం రుద్దాను, అందరూ చూస్తుండగా నిమ్మకాయ కోశాను. ఎర్రటి చుక్కలు జంపకానా మీద పడ్డాయి.

"చూశారా?" అన్నాను విజయగర్వంతో.

చూశారు. వెనక నుంచి ఒకడు అరిచాడు: "అరే! మైకు పంతులుకు సుత నేర్పిండురా!"

మొదటి వరుస ఒక్కసారిగా నా నుంచి వెనక్కి జరిగింది. నా చేతిలోని నిమ్మచెక్క చూసి ఒకతను చొక్కాలోని తాయెత్తు తీసి కళ్ళకద్దుకున్నాడు. నేను పువ్వు చూపించాను. "పువ్వు మీద కూడ మంత్రమేసిండు" అన్నారు. పులుపు సంగతి చెప్పాను. వినే చెవి లేదు.

పేష్కార్ సాబు లేచాడు. "మరి నా పేరెందుకు సదివిండు? అది చెప్పుమను!"

పాలవాడు గుడ్డ చాటు నుంచి తల బయట పెట్టాడు. "పాల లెక్క సాబ్! మీకు సేరు గద, మరిచిపోకుంట యాది చేసుకుంట!"

"ఇన్నరా?" అన్నాడు కల్లు కంపౌండ్ పోరడొకడు. "ఎవలెవలిని ఖతం చెయ్యాలెనో లెక్క కడ్తుండట!"

లొల్లి లేచింది. తాళ్ళ కిందినుంచి నలుగురైదుగురు లోపలికి దూరారు. ఒకడి చేతిలో నిజంగానే రాయి ఉంది. నేను మైకులో అరుస్తూనే ఉన్నాను, ఏమరిచానో నాకే తెలియదు. మంచి పహిల్వాన్ వెళ్ళి గుడ్డకు అడ్డంగా నిలబడ్డాడు.

"హటో! పండ్లు రాలగొట్టాలంటె మొదలు నావి రాలగొట్టుండ్రి. ఇన్ని రోజులకెల్లి ఈ మంత్రగాని చేత తన్నులు తిన్న, నా ఒక్క పన్ను కదల్లేదు. ఎందుకో ఎరికేనా? వీనికి కొట్టుడు రాదు!"

వాళ్ళు ఆగారు గాని పోలేదు. రాయి కింద పడలేదు. అతను ఒక్కడు ఎంతసేపు ఆపుతాడు? పొద్దు వాలుతోంది.

అప్పుడు గేటు దగ్గర గుడ్డ చిరిగిన చప్పుడైంది. జనం రెండుగా చీలారు. మధ్యలోంచి ఒక బర్రె వస్తోంది. దాని పలుపు పట్టుకుని పాలవాడి పెండ్లాం, చంకలో చెంబు, వెనక దాని పిల్ల దుడ్డె. ఆడమనిషి ఏనాడూ తొక్కని జాగా అది. గేటు మనిషి టిక్కెట్టు అడగడానికి నోరు తెరిచి, ఎవరి టిక్కెట్టు అడగాలో తేలక మళ్ళీ మూసుకున్నాడు.

"ఏడున్నడు నా మొగడు?" అంది ఆమె. రాయి పట్టుకున్నవాణ్ణి మోచేత్తో పక్కకు నెట్టింది. "జరుగు, బర్రె తొక్కుతది."

పాలవాడు బయటికి వచ్చాడు. నల్ల జుబ్బా, ఒళ్ళంతా బూడిద, కొత్తగా అంటించిన గడ్డం.

"ఏం మనిషివయ్యా నువ్వు! పొద్దు గూకుతుంది, దీని పొదుగు రాయి లెక్క అయింది, దుడ్డె ఒర్రుతున్నది. నేను కూసుంటె పాలు చేపుతలేదు, మా తమ్ముడు కూసుంటె తన్నింది. నువ్వు ఈడ బూడిద పూసుకొని కూసున్నవా? పిండు!"

కొత్తగా ఈనిన బర్రె అది. అలవాటైన చెయ్యి తప్ప ఇంకో చేతికి చేపదు. పాలవాడు ఎదుటి రాయినీ చుట్టూ ఉన్న జనాన్నీ మరిచిపోయి చెంబు అందుకున్నాడు. బర్రె అతన్ని చూసింది. బుస కొట్టింది. వెనక్కి తిరిగి కాలు విసిరింది. చెంబు ఎగిరి మాలిక్ ఒళ్ళో పడింది.

"గుర్తు పడ్తలేదు నిన్ను! కడుక్కో ఆ మొఖం!" అంది పెండ్లాం.

పహిల్వాన్ల కోసం పెట్టిన కుండ ఉంది. అతను గడ్డం పీకేసుకుని, జుబ్బా విప్పి, కుండలో నీళ్ళు నెత్తిన కుమ్మరించుకున్నాడు. బూడిద చారలు చారలుగా కారిపోయింది. తడి లాగుతో, రోజూ పొద్దున మా గడపల ముందు నిలబడే మనిషి మిగిలాడు. నాలుకతో "టక్ టక్" మని చప్పుడు చేస్తూ బర్రె దగ్గరికి పోయాడు. అది మెడ చాచి అతని భుజం నాకింది. దుడ్డెను ఒక నిమిషం కుడిపించి, పక్కకు లాగి, మోకాళ్ళ మధ్య చెంబు పెట్టుకుని కూర్చున్నాడు. పాలు చెంబు అడుగున పడే చప్పుడు తప్ప అక్కడ ఇంకో చప్పుడు లేదు.

జనంలో ఒకడు నెమ్మదిగా అడిగాడు: "మంత్రమేస్తుండా?"

పెండ్లాం అతని వైపు తిరిగింది. "మంత్రమా? మంత్రమే వస్తె పొద్దుగాల్ల లేసి పెండ తీస్తడా? మంత్రమే వస్తె నా నోరు గిట్ల తెరిసుండనిస్తడా?"

ఒక్క క్షణం ఆగి, మగాళ్ళతో నిండిన ఆ జాగా అంతా విరగబడి నవ్వింది. తమ తమ ఇళ్ళు గుర్తొచ్చి నవ్వారేమో. రాయి పట్టుకున్న పోరడు కూడా నవ్వాడు. నవ్వుతూ రాయి ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

ఇదే సమయం అనుకుని నేను మైకు దగ్గరికి పోయాను. ఈ నవ్వును సిద్ధాంతంగా మార్చాలి కదా! మంచి పహిల్వాన్ మైకు మీద అరచెయ్యి పెట్టాడు. "నక్కో భాయ్. జర చుప్ ఉండు."

అతను పోయి చెంబు అందుకుని, నురగతో సహా గటగటా తాగాడు. మూతి తుడుచుకోకుండా, తెల్లటి మీసంతో నిలబడి మిగిలిన చెంబు పేష్కార్ సాబు ముందుకు చాచాడు.

"తీస్కోండి సాబ్."

పాలవాడు బర్రె పొదుగు మీంచి చెయ్యి తియ్యకుండానే తల తిప్పి చూస్తున్నాడు. ఇంత భయం అతని మొహంలో నేను ఏ కుస్తీలోనూ చూడలేదు. పేష్కార్ సాబు చెంబు తీసుకున్నాడు. వాసన చూశాడు. కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. నోట్లోనే ఉంచుకుని కాసేపు నిలబడ్డాడు. మింగాడు. కళ్ళు తెరిచి, కనుబొమలు ముడిచి, పాలవాడి వైపు కోర్టు చూపు చూశాడు.

"ఇంత చిక్కగున్నయేంది? మా ఇంటికి తెచ్చేటియి ఇట్ల ఉండయి గద! నీళ్ళు కలుపుతవా?"

"అయ్యో సాబ్! నా బర్రె మీద ఒట్టు! రాంగ రాంగ ఎండకు..."

"ఎండకు పాలు పల్చగ అయితయా? నాకు కత చెప్తున్నవా?"

"చిన్న చెంబుడు సాబ్. వానకాలం అసలే కలుప..."

ఆ తర్వాత ఎవరేమన్నారో వినపడలేదు. జనం కింద పడి దొర్లారు. మేడ మీది అమ్మ తరఫున వచ్చిన కొడుకు, గడియారం ఇంటివాళ్ళు, అందరూ ఒక్కసారి నీళ్ళ సంగతి ఎత్తుకున్నారు. పాలవాడు అందరికీ ఒకేసారి దండాలు పెడుతూ, ఒట్లు వేస్తూ, ఏడుస్తూ నవ్వుతున్నాడు. అరగంట క్రితం నిమ్మకాయతో ప్రాణాలు తీసే మనిషి, ఇప్పుడు చెంబెడు నీళ్ళు కలిపే మామూలు దొంగ. ఇంతకంటే గొప్ప విడుదల మనిషికి ఏముంటుంది? పాలలో నీళ్ళు కలిపేవాడి పళ్ళు ఎవరూ రాలగొట్టరు. తిట్టి, మరునాడు మళ్ళీ అతని దగ్గరే పోయించుకుంటారు. అట్లాగే పోయించుకున్నారు.

మూఢత్వం ఒక్క రోజులో చచ్చిందని చెప్పను. చెప్తే నేనూ ఒక స్వామినే అవుతాను. మరునాడు కొందరు ఆడవాళ్ళు పసుపు కుంకుమలు పట్టుకుని పాలవాడింటికి పోయారట. ఆ బర్రె మంత్రాన్ని విరిచిందని, దానికి బొట్టు పెడతామని. పాలవాడి పెండ్లాం గుమ్మంలోనే ఆపింది. "బొట్టు పెడ్తె అది తింటదా? అంత భక్తి ఉంటె మోపెడు గడ్డి పట్కరాండ్రి" అందట. ఒక్కరు కూడా మళ్ళీ రాలేదు. భక్తిని అంత క్లుప్తంగా ఖండించడం నాకు ఈ వయసుకూ చేతకాలేదు.

మాలిక్ నన్ను శుక్రవారం హోటలుకు పిలిచి, చాయ్ తాగించి, పని నుంచి తీసేశాడు. "నీ నోరు మంచిదే పంతులూ. గాని నిజం చెప్తది. దుకాణంల నడవదు." బర్రెను ప్రతి ఆదివారం తేవడానికి పాలవాడి పెండ్లాంతో బేరం కూడా ఆడాడు. ఆమె ఏమందో అతను నాకు చెప్పలేదు. బిస్కట్టు మాత్రం తినలేదు ఆ రోజు.

తర్వాత నేను వేరే ఉద్యోగాలు చేశాను, వందల సభల్లో మాట్లాడాను, మందారం కత్తి ఎన్నో ఊళ్ళలో చూపించాను. ఇవాళ్టికీ చూపిస్తాను. కారణం చెప్పాలి, రుజువు చూపాలి, అందులో నేను ఒక్క అంగుళం వెనక్కి తగ్గను. కాని ఆ సాయంత్రం ఒక సంగతి నా కళ్ళతో చూశాను. భయపడ్డ మనిషికి నేను చెప్పిన కారణం ఇంకో మంత్రంలా వినపడింది. ఒక మనిషి ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా ఆ చెంబు ఎత్తి తాగిన తర్వాత గాని, ఎవరి చెవులూ తెరుచుకోలేదు. నా వాదం తప్పు కాదు. ఆ చెంబు వెనక రావాల్సింది, వరుసలో ముందు నిలబడింది, అంతే.

ఇది చదివి నవ్వుకుని పేజీ తిప్పే కుర్రవాళ్ళకు ఒక మాట. మీ ఊళ్ళో, మీ బస్తీలో, మీ అపార్టుమెంట్ల వెనక గుడిసెల్లో, మంత్రగాడనో చేతబడి చేసిందనో పేరుపడ్డ మనిషి ఒకరు ఉన్నారు. లేరనకండి, ఉన్నారు. వాళ్ళ పేరు మీకు తెలుసు, ఆ గుమ్మం ముందు మీ అమ్మ మిమ్మల్ని చిన్నప్పుడు పరుగెత్తించింది. వ్యాసం రాయకండి, సభ పెట్టకండి, నాకు ఉత్తరం రాయకండి. ఇవాళే ఆ ఇంటికి పోండి. పట్టపగలు పోండి, పదిమంది చూసేట్టు పోండి. గడపలో కూర్చుని, దాహంగా ఉందని చెప్పి, వాళ్ళ చేతి నీళ్ళు అడిగి తాగండి.